ఎర్ర వైను, జొన్నరొట్టె, మా ఆవిడ ముక్కు

మా ఇళ్ళల్లో మందు తాగడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు గానీ అందరికీ తెలుసు. మందు వేరు, అన్నం వేరు. తాగేవాళ్ళు మిద్దెమీద చాప వేసుకుని కూర్చుంటారు. నంచుకోవడానికి వేయించిన శెనక్కాయలు, ఉల్లిగడ్డ ముక్కలు, మిరపకాయ బజ్జీలు కిందినుంచి పైకి వెళ్తాయి. తాగడం పూర్తయ్యాక దిగివచ్చి అన్నం తింటారు. ఒకసారి అన్నంలో చెయ్యి పెట్టాక మళ్ళీ గ్లాసు ముట్టుకోవడం ఉండదు. ముట్టుకున్నవాణ్ణి తాగుబోతు అంటారు. అంతకుముందు మిద్దెమీద ఎంత తాగినా ఆ మాట అనరు. ఈ న్యాయం ఎక్కడిదో నాకు తెలియదు, కానీ నేనూ ఇందులోనే పెరిగాను.

అందుకే, ఎండలు ముదిరిన ఒక ఆదివారం మధ్యాహ్నం మా బామ్మర్ది ఒక సీసా తెచ్చి తిన్నగా అన్నం తినే బల్లమీద, పప్పుగిన్నె పక్కన నిలబెట్టేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏందప్పా ఇది? ఆడోళ్ళ ముందర, అన్నం కాడ?" అన్నాను.

"ఇది మందు కాదు బావా, వైను. ఇటలీ మోడల్ది. దీన్ని అన్నంతోనే తాగల్ల," అన్నాడు వాడు.

మా బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. కప్పగల్లులో ఉంటాడు. తారానగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో మెషిన్లు బిగించడానికి ఇటలీ నుంచి మనుషులు వస్తే, వాళ్ళకు ఇల్లు, కారు, తిండి చూసిపెట్టే పని ఒప్పుకున్నాడు. వాళ్ళతో తిరిగి తిరిగి వాడికి చేతులు ఊపుతూ మాట్లాడటం అలవాటైంది, ఆ తర్వాత ఈ వైను అలవాటైంది. తీరా చూస్తే ఆ సీసా ఇటలీది కూడా కాదు. మన కర్ణాటకలోనే ఎక్కడో తోటలో ఇటలీ రకం ద్రాక్ష వేసి, వాళ్ళ తీరులో చేసిందట. వెనక అంటించిన కాగితంమీద ఇందులో చెర్రీ, తోలు, పొగాకు వాసనలు ఉంటాయని ఇంగ్లీషులో రాశారు. తోలు వాసన వచ్చేదాన్ని డబ్బిచ్చి ఎవడు కొంటాడురా అనుకున్నాను.

"ఇటలీవాళ్ళు దీన్ని ఫ్రిజ్జులో పెట్టరు బావా. గదిలో ఎట్లుంటే అట్లే తాగుతారు," అని కూడా చెప్పాడు. వాళ్ళ గది ఎంత చల్లగా ఉంటుందో వాడూ అడగలేదు, నాకూ తోచలేదు. మాది బళ్ళారి. ఆ సీసా పొద్దున్నుంచీ వాడి కారులో ఎండకు ఉండి వచ్చింది. దాన్ని అట్లాగే స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. నేను పాత పద్ధతి మరవలేక, ఇంకా అన్నం ముట్టకముందే గ్లాసంతా గటగటా తాగేశాను. జ్వరానికి కాచిన కషాయం లాగా గొంతులో దిగింది. "అట్ల కాదు బావా, ఒక ముద్ద, ఒక గుక్క," అని మా బామ్మర్ది తల పట్టుకున్నాడు. అప్పటికి నా గ్లాసులో గుక్క మిగల్లేదు. ముద్దలన్నీ ఒట్టివే తిన్నాను.

వాడి భార్య నాకు వరసకు చెల్లెలు. ఆమె పుట్టిల్లు కాలువ కింద ఒక క్యాంపులో, అంటే వలసవచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్ళో, ఉంది. వాళ్ళ తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని వరి వేసుకున్నవాళ్ళు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా మాటలో ఆ 'అండి' పోలేదు. ఒక చెంచాడు నాలుకమీద వేసుకుని, "అన్నయ్యగారూ, ఇది పులిసిన నేరేడుపళ్ళ రసంలా ఉందండీ," అంది. అందరం నవ్వాం. నా భార్య మాత్రం నవ్వలేదు. తమ్ముడి గ్లాసు తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"ఏం వాసన వస్తాంది?" అని నన్ను అడిగింది.

"వైను వాసన," అన్నాను.

"వైను వాసనంటే నాకేం తెలుస్తాదప్పా? నేనెప్పుడన్నా తాగినానా? దేని మాదిరి ఉండాదో చెప్పు."

నేను మళ్ళీ పీల్చి చూశాను. ఏదో ఉంది. అది ఏమిటో నోటికి రాలేదు. ఆమె గ్లాసు బల్లమీద పెట్టేసి, కాస్త గట్టిగానే పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమె కోపం నాకు కొత్త కాదు, దాని కారణం కూడా తెలుసు. నాకు సత్యనారాయణపేటలో ఇల్లూ, ఊళ్ళో జీన్స్ ప్యాంట్లు కుట్టించే ఒక చిన్న యూనిటూ ఉన్నాయి. ఆ యూనిట్ కంటే మా వీధిలో ఎక్కువ పేరున్నది నా భార్య చేసే పొడులకు. శెనక్కాయ పొడి, గురెళ్ళ పొడి. బెంగళూరులో ఉన్న మా ఊరివాళ్ళు కూడా చెప్పి చేయించుకుంటారు. గురెళ్ళంటే నువ్వులకంటే సన్నగా, నల్లగా ఉండే గింజలు. వాటిని వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి దంచితే జొన్నరొట్టెకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ గింజతో చిక్కేమిటంటే, పచ్చిగా ఉన్నా నలుపే, వేగినా నలుపే, మాడినా నలుపే. కంటితో చూస్తే తెలియదు. వాసనతోనే తెలియాలి. నా భార్య పొయ్యి దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ, ముక్కు కొంచెం పైకెత్తి, టక్కున మంట ఆపేసేది. ఎప్పుడూ తప్పింది లేదు.

పోయిన వానల్లో ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి. నాకు తగ్గింది, ఆమెకూ తగ్గింది, కానీ ఆమెకు వాసన తెలియడం పోయింది. జలుబు అనుకున్నాం. జలుబు పోయింది గానీ వాసన తిరిగి రాలేదు. ఒకరోజు పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ వాసన కొడుతుంటే నేను వీధిలోంచి పరిగెత్తుకొచ్చాను. ఆమె వంటింట్లో పొయ్యికి వీపు పెట్టి కూర్చుని నిదానంగా చిక్కుడుకాయలు తుంచుతోంది. నా ముఖం చూసి, లేచి, గిన్నె వైపు తిరిగి, అట్లాగే నిలబడిపోయింది. నాకు భయం వేసింది. గ్యాసు లీకైతే ఏమిటి గతి అని ఆ రోజునుంచి పడుకునే ముందు నేనే వెళ్ళి సిలిండరు మూసి వస్తున్నాను.

ముక్కు డాక్టరు లోపల లైటు వేసి చూశాడు. నరం దెబ్బతిందనీ, వస్తే వస్తుందనీ, రాకపోవచ్చుననీ చెప్పాడు. రోజూ లవంగం, నిమ్మకాయ లాంటివి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఇదివరకు ఎట్లా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చమన్నాడు. ఆమె పూజ చేసినంత శ్రద్ధగా చేసింది. "గుర్తుండాది గానీ రాలే," అనేది.

ఈ మధ్యలో ఒకసారి గురెళ్ళు వేయించింది. పొడి కొట్టి నా చేతిలో పోసింది. నోట్లో వేసుకున్నాను. చేదు. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ నా ముఖమే చెప్పేసింది. పొడి అంతా పారబోసి, ఆ రోజునుంచి ఎవరికీ చేసివ్వడం మానేసింది. పొడి కావాలని ఫోను వస్తే నా చేతికిచ్చి, "లేదని చెప్పు," అని పక్కగదిలోకి వెళ్ళేది. నన్ను ముక్కుగా పెట్టుకుని కూడా ప్రయత్నించింది పాపం. బాణలి పొయ్యిమీద పెట్టి, నన్ను పక్కన నిలబెట్టుకుని, "వచ్చిందా?" అని అడిగేది.

"ఏం రావల్ల?"

"వాసనప్పా!"

"వస్తానే ఉండాది కదా."

"ఏ వాసన?"

"గురెళ్ళ వాసన."

ఆమె అట్లకాడ విసిరికొట్టలేదు గానీ, చెయ్యి అంతదాకా వెళ్ళింది. నాకూ కోపం వచ్చింది. ఉన్న వాసనను ఉన్నట్టు చెబితే తప్పేమిటి? ఇన్నేళ్ళు ముక్కు పెట్టుకుని బతికాను గానీ, దేని వాసన ఎట్లా ఉంటుందో ఇంకొకరికి చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు. సంగతి అది.

ఆ ఆదివారం మా బామ్మర్ది అక్క వెనకే వంటింట్లోకి వెళ్ళి ఏమేమో చెప్పి వెనక్కి తీసుకొచ్చాడు. "ఇటలీవాళ్ళు ఈ గ్లాసులో ముక్కు దూర్చి, ఇది దేని మాదిరి ఉండాది, అది దేని మాదిరి ఉండాది అని గంట మాట్లాడతారు అక్కా. తాగేది తక్కువ, మాట్లాడేది జాస్తి," అన్నాడు. ఆమె గ్లాసును మళ్ళీ మా ముందుకు జరిపింది.

"అట్లయితే మీరూ చెప్పండి. నేను వింటా," అంది.

అట్లా మొదలయ్యాయి మా ఆదివారాలు. ఒక వారం మా ఇంట్లో, ఒక వారం కప్పగల్లులో. నలుగురమే. షరతులు పెట్టింది నా భార్యే. మింగే ముందు ప్రతివాళ్ళూ అది దేని మాదిరి ఉందో చెప్పాలి. 'బాగుండాది' అనకూడదు. 'వైను వాసన' అసలే అనకూడదు. చెప్పేది ఆమె ఎప్పుడో ఒకప్పుడు వాసన చూసినదై ఉండాలి. "నాకు తెలీని పండ్ల పేర్లు చెప్తే బేడ," అంది. మా ఊళ్ళో కోపంలో అయినా ప్రేమలో అయినా వద్దు అనాలంటే కన్నడమే ముందు నోటికొస్తుంది.

కాబట్టి సీసా వెనక కాగితం మాకు పనికిరాలేదు. చెర్రీ అంటే మాకు బేకరీ కేకుమీద పెట్టే ఎర్రటి చక్కెర ముద్దే. అది కూడా వాక్కాయను రంగుపాకంలో ఊరబెట్టి చేస్తారని బేకరీ అతను చెప్పాడు. అంటే నేను ఈ వయసు వరకు చెర్రీ రుచి చూడనేలేదన్నమాట. ఇంకేమేమి చూడలేదో అనిపించింది.

రెండో ఆదివారానికి మా బామ్మర్ది గాజు గ్లాసులు తెచ్చాడు. ఆ స్టీలు గ్లాసుల్లో సగం వాసన స్టీలుదేనని అప్పుడు తెలిసింది. సీసాకు తడిగుడ్డ చుట్టి నీళ్ళకుండ పక్కన నీడలో పెట్టాం. ఆ వేళ వంట జొన్నరొట్టె, గుత్తొంకాయ. మా బామ్మర్ది గ్లాసు తిప్పి, ముక్కు పెట్టి, పైకప్పు వైపు చూసి, "తొలకరి చినుకు పడినప్పుడు తారానగర్ రోడ్డుమీద ఎర్రదుమ్ము అణుగుతాది చూడక్కా, ఆ మాదిరి," అన్నాడు. నేను నమ్మలేదు. పీల్చి చూశాను. ఉంది! వాడు చెప్పకముందు లేదు, చెప్పాక ఉంది. ఇదేం మాయో నాకు అర్థం కాలేదు.

చెల్లెమ్మ తన వంతు వచ్చేసరికి బాగా ఆలోచించి, "వడ్లు ఆరబోసినప్పుడు కుప్ప అడుగున చెమ్మ తగిలి వెచ్చగా అవుతుంది కదండీ, అక్కడ చెయ్యి పెట్టి తీస్తే వచ్చే వాసనండీ," అంది.

నా వంతు వచ్చింది. చెమటలు పట్టాయి. బడిలో లెక్క రానప్పుడు పట్టినట్టే. చివరికి, "కొత్త జీన్స్ తాను విప్పినప్పుడు ముక్కుకు తగిలే వాసన ఉండాది కొంచెం," అన్నాను. ముగ్గురూ పడి పడి నవ్వారు. అన్నంలో కూడా ప్యాంట్లే కనపడుతున్నాయా అన్నారు. కానీ నవ్వాక మా బామ్మర్ది మళ్ళీ గ్లాసు తీసుకుని పీల్చి, "ఏయ్, ఉండాది బావా!" అన్నాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నా భార్య కళ్ళు మూసుకుని ఈ మూడూ వింది. ఎర్రదుమ్ము, వెచ్చటి వడ్లు, కొత్త గుడ్డ. "ఇంకా?" అంది.

తినడం కూడా మాకు కొత్తగా అయింది. ఒక ముద్ద, ఒక గుక్క అనడం సులువే గానీ, చేతి అలవాటు అంత సులువుగా పోదు. కుడిచేతికి కూర అంటుకుని ఉంటుంది, ఎడమచేత్తో గ్లాసు ఎత్తితే తప్పు చేసినట్టు ఉంటుంది. అయినా నేర్చుకున్నాం. గుత్తొంకాయలో శెనక్కాయ, నువ్వులు ఉంటాయి కదా, దాంతో తాగితే వైను వగరు తగ్గి మెత్తబడింది. పుండికూర పప్పుతో తాగితే, అంటే మీ గోంగూర పప్పే, వైను నోట్లో ఉందో లేదో తెలియకుండా పోయింది. పులుపు మీద పులుపు నిలబడలేదు. మిరపకాయ బజ్జీతో తాగితే నోరు మండి, మా బామ్మర్ది బల్ల చుట్టూ తిరిగాడు. చెల్లెమ్మ ఎవరు చెప్పినా వినకుండా పెరుగన్నంతో తాగి చూసింది. ఆమె ముఖం చూశాక ఇంకెవరూ ఆ పని చెయ్యలేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది రాగి సంగటి. నాటుకోడి పులుసుతో సంగటి చేసుకున్న ఆదివారం వైను ఏమాత్రం పనికిరాలేదు. ఎందుకా అని అందరం తలలు గోక్కున్నాం. నా భార్య చెప్పింది కారణం. "సంగటిని నమలము కదప్పా, మింగుతాము. నోట్లో ఉంటేగా కలిసేది." ఇంత చిన్న విషయం పుట్టినప్పటినుంచీ సంగటి తింటున్న నాకు తట్టలేదు. ఇటలీవాళ్ళకు సంగటి ఉంటే వైను కనిపెట్టేవాళ్ళే కాదేమో.

ఒక వారం తెల్ల వైను తెచ్చాడు. అది ఉగ్గానితో, అంటే మా బొరుగుల తిరగమోతతో, చక్కగా కుదిరింది. నిమ్మకాయ పిండిన ఉగ్గాని, దాని పక్కన ఆ చల్లటి పుల్లటి గుక్క. అప్పుడే నా భార్య కూడా మొదటిసారి ఒక గుక్క తాగింది. ముక్కు పోయింది గానీ నాలుక పోలేదు కదా, పరీక్ష పెట్టండి అంది. కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎరుపు, తెలుపు మార్చి మార్చి ఇచ్చాం. ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. "ఎర్రది వక్క నమిలినట్ట, నాలుక పట్టేస్తాది. తెల్లది ఒట్టి పులుపు," అంది. మేం చప్పట్లు కొట్టాం. ఆమె కళ్ళు తెరిచి గ్లాసులోకి చూస్తూ, "నాకు పులుపూ వగరూ, అంతే ఉండాయి. మీకు వానలు, వడ్లు, గుడ్డలు ఏమేమో ఉండాయి. అవన్నీ యాడుండాయి ఈ గ్లాసులో?" అంది.

వారమంతా ఆ మాట నా వెంట తిరిగింది. యూనిట్‌లో కూర్చుని గాలి పీల్చేవాణ్ణి. నీలిరంగు గుడ్డ వాసన, మెషిన్‌లో పోసే నూనె వాసన, ఇస్త్రీ ఆవిరి వాసన. వీటి మధ్య ఇన్నాళ్ళూ కూర్చుని ఒక్కదాన్నీ పలకరించలేదే అనుకున్నాను. మా టైలరు నన్ను చూసి, "ఏం సార్, నెగడ్యా?" అని అడిగాడు. నెగడి అంటే జలుబు. అవునన్నాను. ఉన్న సంగతి చెబితే నవ్వేవాడు.

ఒక సాయంత్రం నేనే ఆమెను బతిమాలి గురెళ్ళ బాణలి పొయ్యిమీద పెట్టించాను. ఈసారి నేను ఆమె పక్కన నిలబడి, ఆదివారం గ్లాసులో చూసినట్టే చూశాను. "ఇప్పుడు ఎండుగడ్డి మాదిరి ఉండాది," అన్నాను. ఆమె చప్పున నా వైపు తిరిగింది. "అవును, మొదట అట్లే ఉంటాది." తర్వాత, "గడ్డి పోయింది. తడిసిన గోడ మాదిరి." ఆమె ఊ అంది. "ఇప్పుడు నెయ్యి కాగినట్ట తియ్యగా వస్తాంది." ఆమె అట్లకాడ వేగంగా తిప్పింది. "ముక్కు కొసలో చురుక్కుమనింది!" అన్నానో లేదో, "అదే! అదే!" అని మంట ఆపేసింది. పొడి కొట్టి చూస్తే అచ్చం ఆమె పొడే. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంక ఫోన్లకు సరేనని చెప్పొచ్చు అన్నాను.

ఆమె పొడిని డబ్బాలో పోసి మూత పెట్టింది. "బాగుండాది. కానీ ఇది నీ ముక్కుతో చేసినాము. నాది కాదు," అంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను ఏదో సాయం చేశాననుకున్నాను. ఆమెకు కావాల్సింది సాయం కాదు, తన ముక్కు.

ఆ తర్వాత ఆమె లవంగాలు, నిమ్మకాయలు వాసన చూడటం తగ్గించింది. ఆదివారాల్లో వండి పెట్టేది గానీ మా దగ్గర కూర్చునేది కాదు. రమ్మని పిలిస్తే, "మీరు తాగండప్పా. చూడని సినిమా కథ ఎన్నిసార్లని వింటాను?" అంది. నాకు ఆ వైనుమీద, ఇటలీమీద, నా బాగున్న ముక్కుమీద కూడా విసుగొచ్చింది.

వానలొచ్చి, కాలువకు నీళ్ళు వదిలాక, మా బామ్మర్ది ఫోను చేశాడు. తారానగర్‌లో పని ముగిసిందట, ఇటలీవాళ్ళు వెళ్ళిపోయారట, వెళ్తూ వెళ్తూ నిజమైన ఇటలీ సీసా ఒకటి వాడి చేతిలో పెట్టారట. "అక్కను తీసుకురా బావా. ఇది ఉత్త మోడల్ కాదు, అసలైనది," అన్నాడు. ఆమె రానంది. నేను బతిమాలితే రాలేదు. చెల్లెమ్మ ఫోను తీసుకుని, "మా పొలంలో నాట్లు పడుతున్నాయి వదినగారూ, చూసి పోదురుగాని," అంటే వచ్చింది.

కప్పగల్లులో వాళ్ళ వరండాలో కూర్చున్నాం. ఎదురుగా మడుల్లో నీళ్ళు, వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు. చెల్లెమ్మ జొన్నరొట్టెలు చేసింది, మెంతికూర వేపుడు, ఉల్లిగడ్డ ముక్కలు. మా బామ్మర్ది సీసా బిరడాతో కాసేపు కుస్తీ పట్టి, విరిచి, సగం తీసి, సగం లోపలికి తోసి, ఎట్లాగో పోశాడు. రంగు మా ఇక్కడివాటికంటే పలుచగా ఉంది. నేను ముక్కు పెట్టాను. ఎంత బాగుందో! కానీ ఆ మాట అనకూడదు కదా. పండ్ల తోటలో చీకటి పడే వేళ మాదిరి అందామనుకుని, అది మరీ ఎక్కువైపోతుందని ఊరుకుని, "తమలపాకుల బుట్టమీద తడిగుడ్డ తీసినప్పటి మాదిరి," అన్నాను. మా బామ్మర్ది "ఎండిన గులాబీ" అన్నాడు. చెల్లెమ్మ ఇంకా ఆలోచిస్తోంది.

నా భార్య మడుల వైపు చూస్తోంది. తమ్ముడు మనసు కష్టపెట్టుకుంటాడని గ్లాసు అందుకుని, అలవాటు కొద్దీ ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. వెంటనే తల వెనక్కి లాక్కుంది.

"థూ! ఏందిరా ఇది? టైరు కాలిన కంపు!"

మా బామ్మర్ది ముఖం వాడిపోయింది. "ఇటలీదక్కా..." అని గొణుగుతూ తన గ్లాసు మళ్ళీ పీల్చాడు. నేనూ నాది పీల్చాను. పాడయిందేమీ లేదు, ఇందాకటి లాగే ఉంది. ఆమెకు ఏమైందని విసుక్కోబోయాను. చెల్లెమ్మ చేతిలో రొట్టె కంచంలో పడేసి, "వదినగారూ, ఏమన్నారు? కంపా? మీకు కంపు వస్తోందాండీ?" అంది.

అప్పుడు గానీ మాకు తలకెక్కలేదు. నా భార్య చేతిలోని గ్లాసును తేలును చూసినట్టు చూసింది. నిదానంగా ముక్కు దగ్గరకు తెచ్చుకుని పీల్చింది. ఒళ్ళు జలదరించింది. మళ్ళీ పీల్చింది. "వస్తాంది," అంది. మళ్ళీ. "అబ్బా, ఏం కంపప్పా! వస్తాంది!" కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. గ్లాసు పెట్టేసి రొట్టె తీసుకుంది. "ఇదీ కంపే." ఉల్లిగడ్డ ముక్క తీసుకుని వాంతి వచ్చినట్టు మొహం పెట్టింది. "ఇది ఇంకో కంపు! దానికీ దీనికీ తేడా ఉండాది చూడు!" మెంతికూర గిన్నె, తమ్ముడి భుజంమీది తువ్వాలు, చెల్లెమ్మ జడలోని మల్లెపూలు, ఒకదాని తర్వాత ఒకటి పీల్చుకుంటూ పోయింది. మల్లెపూలను కూడా ఛీ అంది. మంచి వాసన తిరిగి రాకముందు కొందరికి ఇట్లా వంకర వాసన వస్తుందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ వేళ మాకెవరికీ అది తెలియదు. మా బామ్మర్ది ఏడుస్తూ నవ్వుతున్నాడు.

చివరికి ఆమె నా దగ్గరకు వచ్చింది. తమ్ముడూ మరదలూ చూస్తున్నారని కూడా చూడకుండా నా చొక్కా కాలరు పట్టుకుని, మెడ దగ్గర ముక్కు ఆనించి పీల్చింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"నువ్వు అన్నిటికంటే కంపు కొడతాండావప్పా," అంది.

పెళ్ళయినప్పటినుంచీ ఆమె నన్ను అనని మాట లేదు. ఏ మాటకూ నేను ఇంత సంతోషపడలేదు. "సరిగ్గా చూడు, ఇంకోసారి," అన్నాను. ఆమె కాలరు వదలకుండా ఇంకోసారి చూసింది.